ముఖం చూపిస్తూ ఆచూకీ ఇవ్వని బొమ్మలు
(సల్మాన్ తూర్ చిత్రాలపై చిత్రకళా విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు తెర సరిగ్గా కనిపిస్తోందా? కిటికీ పక్కనున్న ఆ లైటు కూడా ఆర్పేయండి బాబూ. ఇవాళ చూడబోయే బొమ్మల్లో చాలావరకు రాత్రిపూటవి. గదిలో వెలుతురు ఉంటే వాటి లోపలి వెలుతురు మనకు అందదు.

నన్ను సోషల్ మీడియా కాలంలో చిత్రకళ గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశాన్ని ఒక సాయంత్రంలో చుట్టబెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని ఒక్క చిత్రకారుణ్ణి పట్టుకుంటాను. ఆయన వేసిన మూడు బొమ్మల దగ్గర ఎక్కువసేపు నిలబడదాం. మధ్యలో అటూ ఇటూ తిరుగుతాను, ఓపిక పట్టండి.

ఇదిగో మొదటిది. పేరు 'బార్ బాయ్'. 2019లో వేశారు. ప్లైవుడ్ మీద నూనె రంగులు. ఎత్తు నాలుగడుగులు, వెడల్పు ఐదడుగులు. న్యూయార్కులో ఒక బారు, జనంతో కిక్కిరిసి ఉంది. గది మొత్తం ఆకుపచ్చ. గోడలు, గాలి, నీడలు, మనుషుల చర్మం మీది ఛాయ కూడా పచ్చగానే ఉంది. ఇంతమంది మధ్యలో సన్నగా, కాస్త వంగిన భుజాలతో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను ఉంది. దాని వెలుగు అతని మీద పడుతోంది. చుట్టూ ఇంత సందడి ఉంటే ఇతను ఫోనులో ఏం చూస్తున్నట్టు? రావాల్సిన స్నేహితుడి కబురా? ఒంటరిగా నిలబడటానికి మొహమాటపడి, పని ఉన్నట్టు నటిస్తున్నాడా? పెళ్లిళ్లలో తెలిసినవాళ్లు కనపడనప్పుడు మనమందరం చేసే పనే అది. చిత్రకారుడు తేల్చి చెప్పలేదు.

ఈయన పేరు సల్మాన్ తూర్. 1983లో లాహోర్‌లో పుట్టారు. చదువు కోసం అమెరికా వెళ్లి, ఒహాయోలో డిగ్రీ, న్యూయార్కు ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2009లో ఎంఎఫ్ఏ (లలితకళల్లో పీజీ) పూర్తిచేశారు. ఇప్పుడు ఉండేది న్యూయార్కులోనే. తొలినాళ్లలో పాత యూరోపియన్ తైలవర్ణ చిత్రాల పద్ధతిలో, నునుపుగా, చేతిపని కనపడకుండా వేసేవారు. ఆ తర్వాత కుంచె వదులైంది. గీతలు తొందరగా, కబురు చెబుతున్నట్టు పడటం మొదలుపెట్టాయి. బొమ్మల్లో ఉండేది ఎక్కువగా దక్షిణాసియా మూలాలున్న యువకులు. గే కుర్రాళ్లు. వాళ్ల గదులు, విందులు, నాట్యాలు, అలసట, బెంగ. మ్యూజియంలో ఆయన మొదటి సోలో ప్రదర్శన న్యూయార్కు విట్నీలో 2020 మార్చిలో మొదలుకావలసింది. కోవిడ్ వచ్చి తలుపులు మూసేశారు. చివరికి ఆ ఏడాది నవంబరులో తెరిచి, 2021 ఏప్రిల్ దాకా నడిపారు. ఫోను వెలుగులో నిలబడ్డ మనుషుల బొమ్మలను ఆ మధ్యకాలంలో లోకం ఫోను వెలుగులోనే చూడాల్సి వచ్చింది. విధి కూడా ఒక్కోసారి ప్రదర్శనను కూర్చే క్యూరేటర్ పని చేస్తుంది.

ఇప్పుడు వెలుగు సంగతికి వద్దాం. మీలో మైసూరు వెళ్లినవాళ్లు చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. జగన్మోహన్ ప్యాలెస్‌లో దీపం పట్టుకున్న అమ్మాయి చిత్రం చూసే ఉంటారు. రవివర్మ వేశాడని గైడ్లు చెబుతారు, నమ్మకండి. వేసింది ఎస్.ఎల్. హల్దంకర్, నీటి రంగుల్లో. ఆ అమ్మాయి ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చేతిని అడ్డుపెట్టింది. వేళ్ల సందుల్లోంచి వెలుగు ఎర్రగా తొంగిచూస్తుంది. ముఖం కింది నుంచి వెలుగుతుంది. ఆ బొమ్మ గొప్పతనమంతా ఆ వేళ్లలో ఉంది.

యూరప్‌లో పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా టూర్ కొవ్వొత్తితో ఇదే చేశాడు. ముఖానికి దగ్గరగా ఒకే ఒక్క వెలుగు, చుట్టూ చీకటి. చూసేవాడి కన్ను ఇంకెక్కడికీ పోలేదు. తూర్ ఈ పాఠం బాగా చదువుకున్న మనిషి. కొవ్వొత్తి స్థానంలో ఫోను పెట్టారు, అంతే అనిపిస్తుంది.

అంతే కాదనేదే నా వాదన. దీపం అమ్మాయిని మనకు చూపించి ఊరుకుంటుంది. ఆ అమ్మాయి ఎవరో, ఎక్కడుందో, నిన్న ఎవరితో మాట్లాడిందో దీపానికి తెలియదు. ఈ కుర్రాడి చేతిలో ఉన్నదానికి అవన్నీ తెలుసు. అతను ఏ వీధిలో ఉన్నాడో తెలుసు, ఏ ముఖం దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆగాడో తెలుసు. బొమ్మలో అత్యంత అందమైన వెలుగు ఆ వస్తువులోంచే వస్తోంది. ఆ ఇబ్బందిని తూర్ విడమరచి చెప్పరు. అందంగా వేసి వదిలేస్తారు.

రెండో బొమ్మ. 'బెడ్‌రూమ్ బాయ్', ఇదీ 2019దే. చాలా చిన్నది, మన బళ్లో పిల్లలు వాడే డ్రాయింగు పుస్తకం పరిచినంత ఉంటుంది. మంచం మీద ఒక కుర్రాడు నగ్నంగా పడుకుని, చెయ్యి పైకి చాచి, ఫోనులో తన ఫోటో తాను తీసుకుంటున్నాడు.

ఇలా పడుకున్న నగ్న దేహాన్ని మీరు కళాచరిత్ర క్లాసులో ఎన్నిసార్లు చూశారు? పదహారో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసిన వీనస్, పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు మానే గీసిన ఒలింపియా. నాలుగైదు వందల ఏళ్లుగా పడుకున్నది ఆడది, నిలబడి చూసేది మగాడు. డబ్బిచ్చి వేయించుకునేదీ అతనే. మానే చేసిన తుంటరితనం ఏమిటంటే ఒలింపియా తనను చూసేవాడి కళ్లలోకి తిరిగి చూసేలా గీశాడు. పారిస్ అందుకే మండిపడింది.

తూర్ కుర్రాడు మనవైపు చూడటం లేదు. అతనికి మనతో పనిలేదు. మోడలూ తానే, బొమ్మ తీసేదీ తానే, తీసినదాన్ని ముందు చూసుకునేదీ తానే. బాగా లేకపోతే తుడిచేసేదీ తానే. ఇది స్వేచ్ఛేనా? ఒక లెక్కన అవును. అయితే ఆ చాచిన చెయ్యి చూడండి. సెల్ఫీ తీసుకున్న ప్రతివాడికీ ఆ చెయ్యి నొప్పి తెలుసు. సెల్ఫీలో ఆ చెయ్యిని, ఆ అవస్థను వీలైనంత దాచేస్తాం. ఫ్రేము కత్తిరించేస్తాం. తూర్ మనకు సెల్ఫీ చూపించలేదు. సెల్ఫీ దాచిపెట్టేదాన్ని చూపించారు. కుర్రాడు ఎవరికో అందంగా కనిపించాలని పడుతున్న పాట్లు ఉన్నాయే, వాటిని నవ్వకుండా, జాలిపడకుండా గీశారు. కొంచెం నవ్వారేమో కూడా. ఆ నవ్వులో చనువు ఉంది.

ఇక మూడోది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పేరు పొడుగ్గా ఉంటుంది: 'మ్యాన్ విత్ ఫేస్ క్రీమ్స్ అండ్ ఫోన్ ప్లగ్'. ఇదీ అదే ఏడాదిది. విమానాశ్రయంలో తనిఖీ. ఒక మనిషి నిలబడి ఉన్నాడు, అతని సామాను బయట పరిచి ఉంది. ముఖానికి రాసుకునే క్రీములు, ఫోను చార్జరు. తుపాకీ లేదు, బాంబు లేదు. గోధుమరంగు చర్మం ఉన్న మగవాడు ముఖానికి ఏం రాసుకుంటాడో అధికారి బల్ల మీద అందరికీ తెలిసిపోయింది, అంతే. పాత చిత్రకారులు రాజులను, వర్తకులను గీసేటప్పుడు పక్కన వాళ్ల గ్లోబులు, పుస్తకాలు, నాణేలు పెట్టేవాళ్లు, హోదా తెలిసేలా. ఇక్కడ మనిషి పక్కన పెట్టినవి అతని పరువు తీయడానికి బయటకు తీసినవి.

బొమ్మ వేసిన ఆ 2019లోనే ఇంకొకటి జరిగింది. అమెరికా వీసా దరఖాస్తులో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన వచ్చింది. ఈ గదిలో ఉన్నవాళ్లకు డీఎస్-160 అంటే విడమరచి చెప్పక్కర్లేదు, ఇంటికొకరు నింపినవాళ్లే ఉంటారు. 2025 జూన్‌లో ఇంకో అడుగు వేశారు: విద్యార్థి వీసాకు వెళ్లేవాళ్లు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఎంతమంది పిల్లలు రాత్రికి రాత్రి కూర్చుని పాత పోస్టులు తుడుచుకున్నారో మీకు నాకంటే బాగా తెలుసు. ఏ పోస్టు తప్పో ఎవరూ చెప్పలేదు. ఎవరికి వాళ్లే తమ బల్ల మీద సామాను పరుచుకుని, ఇందులో క్రీము డబ్బా ఏదా అని వెతుక్కున్నారు.

ఇప్పుడు మూడు బొమ్మలనూ పక్కపక్కన పెడుతున్నాను. బారులో కుర్రాడికి ఎవరైనా తనను చూస్తే బాగుండునని ఉంది. మంచం మీద కుర్రాడు చూపించుకునే పనిలోనే ఉన్నాడు. విమానాశ్రయంలో మనిషికి ఎవరూ చూడకుండా ఉంటే చాలు. ఈ ముగ్గురూ ఒక్కడే అయి ఉండవచ్చు. శుక్రవారం రాత్రి కావలసిన చూపే సోమవారం ఉదయం వద్దనిపిస్తుంది. మన దగ్గర కనిపించడం అనగానే మంచిదనో చెడ్డదనో తేల్చేస్తారు. అణగారినవాళ్ల గురించి మాట్లాడేవాళ్లు కనిపించడమే విముక్తి అంటారు. గోప్యత గురించి మాట్లాడేవాళ్లు కనిపించకపోవడమే రక్ష అంటారు. రెండూ ఒకే ఒంటికి ఒకే వారంలో అవసరమవుతాయని తూర్ బొమ్మలు పట్టుకున్నాయి.

తూర్‌కు ఇది ఊహల్లో సంగతి కాదు. పాకిస్తాన్ శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ ఇప్పటికీ ఉంది. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన ఆ చట్టమే మనకూ ఉండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దాని కోరలు పీకింది. కోర్టు తీర్పు ఇచ్చినంత వేగంగా మన ఇళ్లలో మాటలు మారలేదనుకోండి, అది వేరే సంగతి. అలాంటి చట్టం ఉన్నచోట ఒక ఫోటో చాలా ప్రమాదకరమైన వస్తువు. ఫోటో ఫలానా మనిషి ఫలానా చోట ఉన్నాడని సాక్ష్యం చెబుతుంది.

ఇక్కడే చిత్రకారులుగా మీకు పనికొచ్చే విషయం ఉంది. తూర్ బొమ్మల్లో మనుషులు ఊహించినవాళ్లు. ఎదురుగా మోడల్‌ను కూర్చోబెట్టి, ఫోటో పెట్టుకుని యథాతథంగా దించినవాళ్లు కారు. ఆ పొడుగు ముక్కులు, తోలుబొమ్మల్లా వేలాడే చేతులు చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా వాళ్లు మనకు బాగా తెలిసినవాళ్లలా అనిపిస్తారు. ఒక జీవితం మొత్తం బయటపడింది, ఒక్క మనిషి కూడా పట్టుబడలేదు. ముఖాన్ని యంత్రాలు గుర్తుపట్టే ఈ రోజుల్లో, రంగుతో ముఖాన్ని కల్పించడం పాతబడ్డ పని అని మీకెవరైనా చెబితే ఈ మాట గుర్తు చేసుకోండి. ముఖం చూపిస్తూనే ఆచూకీ ఇవ్వకుండా ఉండటం ఫోటోకు కష్టం. బొమ్మకు అది పుట్టుకతో వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది అమెరికన్ చిత్రకారుడు రిచర్డ్ ప్రిన్స్ చేసిన పని. 2014లో న్యూయార్కు గగోసియన్ గ్యాలరీలో ఆయన ఇతరుల ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను స్క్రీన్‌షాట్ తీసి, కింద తన వ్యాఖ్య ఒకటి తగిలించి, మనిషెత్తు కాన్వాసుల మీద అచ్చువేయించి వేలాడదీశారు. ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కటి 90 వేల డాలర్లకు అమ్ముడైందని వార్తలొచ్చాయి. తమ ఫోటోలు అలా వాడుకున్నందుకు ఒక బృందం అమ్మాయిలు చేసిన పని చూడండి: అదే కాన్వాసును అదే కొలతలో అచ్చువేసి 90 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. (నవ్వులు) ఆ ప్రదర్శన మొత్తంలో నాకు కళ అనిపించింది అదొక్కటే. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వేసిన దావాలు ఏళ్లతరబడి సాగి, 2024లో ప్రిన్స్ పరిహారం చెల్లించేలా ముగిశాయి.

జినా బీవర్స్ అనే అమెరికన్ చిత్రకారిణి దారి ఇంకొకటి. మేకప్ ఎలా వేసుకోవాలో నేర్పే వీడియోలు, తిండి ఫోటోలు తీసుకుని, యాక్రిలిక్ రంగును పొరమీద పొర పోసి, గోడలోంచి పొడుచుకొచ్చేంత మందంగా కడతారు. కనురెప్ప మీది రంగు పొరలు నిజంగానే ఉబ్బెత్తుగా ఉంటాయి. 2019లో న్యూయార్కు మోమా పీఎస్1 అనే కళాకేంద్రంలో ఆమె ప్రదర్శన జరిగింది. వేలితో జారుకుంటూ పోయే చిత్రాన్ని ఎత్తడానికి మనుషులు కావలసిన బరువు చేసేశారు. సరదాగా ఉంటాయి, కాస్త వెగటుగా కూడా. ఆ వెగటు కావాలనే పెట్టారు.

మళ్లీ తూర్ దగ్గరికి వస్తే, ఆయన దారిని మన దగ్గర ముందే వేసినవారున్నారు. బరోడాలో భూపేన్ ఖఖ్ఖర్. చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేస్తూ బొమ్మలు వేశారు. 1981లో 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' వేశారు, ఇప్పుడది లండన్ టేట్ మ్యూజియం‌లో ఉంది. బాల్కనీలో ఒక నగ్న పురుషుడు నిలబడి ఊరిని చూస్తున్నాడు. అది ఖఖ్ఖరే. కింద ఊరిలో తండ్రీ కొడుకూ గాడిదా వెళ్తున్నారు. ఆ కథ మనకు చిన్నప్పుడే చెప్పారు. కొడుకు ఎక్కితే ఒక మాట, తండ్రి ఎక్కితే ఒక మాట, ఇద్దరూ ఎక్కితే ఇంకో మాట, గాడిదనే మోస్తే నవ్వులు. కామెంట్ల పెట్టెకు ఇంతకంటే మంచి కథ ఇంకా ఎవరూ రాయలేదు. నలభై ఏడేళ్ల వయసులో తాను గే అని లోకానికి చెప్పడానికి ఖఖ్ఖర్ ఆ కథను ఎంచుకున్నారు. బాల్కనీలోని మనిషి వీపు మనవైపు ఉందని గమనించండి. ఒంటి మీద నూలుపోగు లేదు, ముఖం మాత్రం మనవైపు తిప్పలేదు. తూర్ బారులోకి వెళ్లేముందు ఈ బాల్కనీ ఎక్కి చూడటం మంచిది.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. తూర్ ఆకుపచ్చ అంటే నాకు ఇష్టమే. రాత్రి, మత్తు, కొంచెం విషం, నీళ్ల అడుగున ఉన్నట్టు ఒక భావం, అన్నీ ఆ రంగులో పలుకుతాయి. అయితే ఇటీవలి కొన్ని బొమ్మల్లో ఆ పచ్చదనం వేలిముద్రలా మారిందని నా అనుమానం. గోరంత బొమ్మ తెర మీద జారిపోతున్నా, 'ఓహో, తూర్' అని తెలిసిపోతుంది. మార్కెట్టుకు అది మహా ఇష్టం. గుర్తుపట్టకుండా తప్పించుకునే మనుషులను గీసే చిత్రకారుణ్ణి అందరూ దూరం నుంచే గుర్తుపట్టేస్తున్నారు. ఇందులో ఆయన తప్పు ఎంత, తెర తప్పు ఎంత అని విడదీయలేను. 2024లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో కూడా ఆయన బొమ్మలున్నాయి. అంత పేరు వచ్చాక రంగు మార్చడానికి గుండె కావాలి.

నా మాట ఇక్కడికి ఆపుతాను. లైట్లు వేయండి. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, బొమ్మల్లో నగ్నత్వం ఉంటే ఇన్‌స్టాగ్రామ్ తీసేస్తుంది కదా. తూర్ బొమ్మలకు ఆ ఇబ్బంది లేదా?

రంగులతో వేసిన బొమ్మల్లో, శిల్పాల్లో నగ్నత్వం ఉండవచ్చని వాళ్ల నియమాల్లోనే ఉంది. నియమం ఒకటి, దాన్ని అమలుచేసే యంత్రం ఒకటి. వియన్నా మ్యూజియంల బొమ్మలకు ఇలాంటి చిక్కులే వస్తే, 2021లో ఆ నగర పర్యాటక సంస్థ విసిగిపోయి, నగ్నచిత్రాలకు అడ్డుచెప్పని ఓన్లీఫ్యాన్స్‌లో ఖాతా తెరిచింది. ఆస్ట్రియా చిత్రకారుడు ఎగోన్ షీలే తన బొమ్మలు అశ్లీలమన్నందుకు వందేళ్ల క్రితం జైలుకు వెళ్లి వచ్చాడు, ఇప్పుడు ఇదొకటి. మీరు పెట్టిన బొమ్మ పోతే అప్పీలు చేయండి, కానీ అసలు ఫైలు, తేదీ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. ఆ ఖాతాయే మీ భోషాణం అనుకోవద్దు.

ప్రశ్న: పెట్టకపోతే మమ్మల్ని ఎవరూ చూడరు సార్. గ్యాలరీలు కూడా ముందు ఖాతానే అడుగుతున్నాయి.

నిజమే, అడుగుతున్నాయి. పెట్టవద్దని చెప్పే అర్హత నాకు లేదు. నేను చదువుకునే రోజుల్లో మమ్మల్ని చూడాలంటే ఎవరో పెద్దమనిషి దయతలచాలి. మీకు ఆ గడప లేదు, అది చిన్న విషయం కాదు. ఒక్కటే చేయండి. బొమ్మ పూర్తయ్యేదాకా పెట్టకండి. సగం బొమ్మకు వచ్చిన మెప్పు మిగతా సగాన్ని తనవైపు లాక్కుంటుంది. గాడిద కథ ఇందాకే చెప్పుకున్నాం.

ప్రశ్న: నేను కూడా ఎక్కువగా ఒకే రంగులో వేస్తాను సార్. ఫోనుతో ఫోటో తీస్తే పూర్తిగా మారిపోతోంది.

మారుతుంది. బొమ్మంతా పచ్చగా ఉంటే, ఫోను అది గదిలోని లైటు చేసిన పొరపాటు అనుకుని సరిదిద్దబోతుంది. పచ్చను తగ్గించి గులాబీ కలుపుతుంది. నీ ఆకుపచ్చ బూడిద పడ్డట్టు అయిపోతుంది. అందుకని గ్రే కార్డు, అంటే రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట, కొనుక్కో, పెద్ద ధరేమీ కాదు. బొమ్మ పక్కన అదే వెలుతురులో పెట్టి ముందు ఒక ఫోటో తియ్యి. వెలుతురు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను మనమే పెట్టుకునే యాప్‌లో దాన్ని బట్టి సరిచేసి, అక్కడే బిగించి, అప్పుడు అసలు ఫోటో తియ్యి. నేరుగా ఎండ పడని వరండాలో, పగటిపూట. బొమ్మకు ఎదురుగా పచ్చ గోడ గానీ, నువ్వు వేసుకున్న ఎర్ర చొక్కా గానీ లేకుండా చూసుకో, వాటి రంగు కూడా వచ్చి పడుతుంది. నూనె రంగులైతే మెరుపు తగలకుండా ఫోనును కొంచెం వెనక్కి జరిపి జూమ్ చెయ్యి. మిగతాది రేపు స్టూడియోకి బొమ్మ పట్టుకురా, చూద్దాం.